గొంతు వినపడే దూరంలో

రిబ్కా ఇంట్లో ఏ తలుపుకీ లోపలివైపు గడియ లేదు. స్నానాల గదికి కూడా లేదు. లోపలికి వెళ్లేవాళ్లు తువ్వాలు తలుపు మీద వేసి వెళ్లాలి. తువ్వాలు కనపడితే మనిషి ఉన్నట్టు. చుట్టాలెవరైనా వచ్చి మొహమాటపడితే, గడియలు తుప్పు పట్టి ఊడిపోయాయనీ కొత్తవి వేయించాలనీ ఆమె భర్త అంద్రెయ సర్ది చెప్పేవాడు.

నిజానికి ఒక మధ్యాహ్నం రిబ్కాయే స్క్రూడ్రైవరు తెచ్చుకుని వాటిని ఊడదీసింది. హైదరాబాదులో కొడుకు ఎబినేజరు ఉన్న హాస్టలు బాత్రూముకి గడియ ఉంది. లోపల గడియ వేసుకుని స్నానం చేస్తుండగా వాడికి ఫిట్స్ వచ్చి పడిపోయాడు. గదిలో తోటి కుర్రాళ్లంతా పనులకి వెళ్లారు. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చి తలుపు పగలగొట్టేదాకా ఆ తడినేల మీదే ఉన్నాడు. కుళాయి పారుతూనే ఉందట. ఆ కుళాయి చప్పుడు రిబ్కా వినలేదు. అయినా ఇప్పటికీ వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే ఆమెకి ఆ చప్పుడే వినపడుతుంది, చేతులు ఆగిపోతాయి.

వాడిని ఇంటికి తీసుకొచ్చారు. తెనాలిలో డాక్టరు గారు మాత్రలు రాశారు. నిద్ర చెడకూడదన్నారు, ఒంటరిగా వదలొద్దన్నారు. ఆ రెండో మాట ఒక్కటీ రిబ్కా మనసులో మేకులా దిగిపోయింది. కొడుకు తన గొంతు వినపడే దూరంలో ఉండాలి. అంతకు మించి దేవుణ్ణి ఆమె ఏమీ అడగలేదు.

ఎబినేజరుది మాట్లాడే ఉద్యోగం. ఆసుపత్రులకి ఫోన్లు చేసేవాళ్లకి డాక్టర్ల అపాయింట్‌మెంట్లు ఇచ్చే కంపెనీ. ఇంటి నుంచి చేసుకోవచ్చన్నారు గాని, నెట్టు ఆగకుండా ఉండాలన్నారు, వెనకనుంచి ఏ చప్పుడూ రాకూడదన్నారు. వాళ్ల ఊరేమో రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్లే దారిలో పక్కకి తిరిగి, రొయ్యల చెరువుల మధ్య నుంచి పోతే వస్తుంది. ఫోనులో మాట్లాడాలంటే డాబా ఈశాన్యం మూలకి ఎక్కాలి. స్తంభాల మీద వచ్చిన తీగ నెట్టు కొన్నాళ్లు ఉండి, గాలివాన వస్తే ఒకసారి, చెరువులు తవ్వే మిషను తగిలి ఒకసారి తెగుతూ చివరికి తెగి ఊరుకుంది. ఇక మిగిలింది ఆకాశం నుంచి వచ్చే నెట్టు ఒక్కటే.

దాన్ని బిగించడానికి రేపల్లె నుంచి మధుబాబు అనే కుర్రాడు వచ్చాడు. డాబా మీద రేకుల గది పక్కన గొట్టం పాతి, దాని మీద పలకలాంటి తెల్లటి డిష్షు పెడుతున్నంతసేపూ రిబ్కా అతని వెంటే నిలబడి ప్రశ్నలు వేసింది. పిడుగు పడితే ఇది లాక్కుంటుందా. దీన్లోంచి వచ్చే కిరణాలు తలలోకి పోతాయా. అసలే తలకి సంబంధించిన బాధ ఉన్నవాళ్లకి ఏమన్నా అవుతుందా. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు మధుబాబు. చివరికి ఆమె, పైన తిరిగే ఆ ఉపగ్రహం ఎప్పుడన్నా కింద పడుతుందా అని అడిగింది.

"పడదు పిన్నీ. పడినా మీ ఇల్లు వెతుక్కుంటా రాదు."

"రాదని నీకేం తెలుసు నాయనా," అంది రిబ్కా.

పెరట్లో మునగచెట్టు కొమ్మలు అడ్డం వస్తున్నాయని, ఆకాశం తెరిపిగా ఉంటే తప్ప నెట్టు నిలవదని చెప్పి అతను వెళ్లిపోయాడు. పొద్దుగూకేలోపు చెట్టు మొదలంటా పడిపోయింది. ఆ చెట్టు కాయలు రిబ్కా ఇంట్లో కంటే పక్కింటి మహాలక్ష్మి ఇంట్లోనే ఎక్కువ ఉడికేవి. మహాలక్ష్మి గోడ మీదుగా చూసి, "మునక్కాయలు కూడా ఆకాశానికే ఇచ్చేశావా వదినా?" అంది. ఆ మాట తర్వాత చాలా రోజులు వీధిలో తిరిగింది.

ఆ తర్వాత ఇంట్లో ఒక గొంతు మొదలైంది. పొద్దున్నే టిఫిన్ చేసి ఎబినేజరు రేకుల గదిలోకి వెళ్లి మాట్లాడే చెవుల ఫోను తగిలించుకుంటే, సాయంత్రందాకా పైనుంచి వాడి మాట కిందకి జారుతూనే ఉండేది. నమస్కారమండి, ఏ డాక్టరు గారికి కావాలండి, పేషెంటు పేరు చెప్పండి, సోమవారం కుదరదండి. వంటింట్లో బియ్యం ఏరుతూ, పెరట్లో బట్టలు ఉతుకుతూ రిబ్కా ఆ మాటలన్నీ వింటూ ఉండేది. వాటి అర్థంతో ఆమెకి పని లేదు. గొంతు నడుస్తూ ఉంటే కొడుకు బాగున్నట్టు.

ఆగితే మాత్రం ప్రాణం లేచిపోయేది. నెట్టు రోజూ నాలుగైదుసార్లు పోయేది, పోయిన కాసేపటికే వచ్చేది. ఆ కాసేపూ పైన గది నిశ్శబ్దంగా అయిపోయేది. ఆ నిశ్శబ్దం నెట్టుదో కొడుకుదో కిందనుంచి తెలిసే దారి లేదు. ఉతికే బట్ట ఎక్కడిదక్కడ వదిలేసి రిబ్కా మెట్లెక్కేది. ఆమె కొంగుకి ఎప్పుడూ ఒక తాళాల గుత్తి ముడేసి ఉండేది. ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో ఇనుము పెడితే ఆగుతుందని ఆమె పుట్టింటి వైపు నమ్మకం. తెనాలి డాక్టరు గారు నవ్వి, ఇనుము కాదమ్మా, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టొద్దు అని చెప్పారు. పక్కకి తిప్పడం ఆమె నేర్చుకుంది. తాళాలు మాత్రం కొంగున అలాగే ఉండిపోయాయి.

పైకి వెళ్లి చూస్తే వాడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కంప్యూటరు వైపు చూస్తూ ఉండేవాడు. నెట్టు పోయిందమ్మా అనేవాడు. సరే నాన్నా అని ఆమె దిగేది. దిగేసరికి మళ్లీ గొంతు మొదలయ్యేది. మోకాళ్లు పట్టేసి సాయంత్రానికి ఆమె నేల మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది.

కంపెనీలో వాడి పైన కీర్తన అనే మేడమ్ ఉంది. కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయని ఆమె అప్పుడప్పుడు చెప్తూనే ఉంది. గలగలమని ఏదో చప్పుడు కూడా వస్తోంది, మీ ఇంట్లో ఆవు మెడలో గంట కట్టారా అని ఒకసారి అడిగిందట. వాడు అవునని చెప్పి ఊరుకున్నాడు. ఫిట్స్ సంగతి వాడు కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో పడినప్పుడు కూడా కాలు జారిందనే రాసిచ్చాడు. చెప్తే పని ఇవ్వరని వాడి భయం. చివరికి ఆ మేడమ్, ఇలాగే ఉంటే ఆఫీసుకి వచ్చి చెయ్యాల్సి ఉంటుందని గట్టిగానే చెప్పింది.

ఆఫీసంటే హైదరాబాదు. హైదరాబాదంటే రిబ్కాకి గడియ ఉన్న తలుపు. ఆ మాట విన్న రోజు ఆమె అన్నం వార్చడం మర్చిపోయింది.

మర్నాడు నెట్టు పోయి ఆమె రొప్పుకుంటూ పైకి ఎక్కినప్పుడు ఎబినేజరు విసుక్కున్నాడు.

"నెట్టు పోయిన ప్రతిసారీ నేనే పోయినట్టు పరిగెత్తుకొస్తే ఎట్టా అమ్మా?"

రిబ్కా వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ మాట అనమాక."

వాడు ఆ చేతిని మెల్లగా పక్కకి తీశాడు. ఆదివారం గుడి నుంచి వచ్చాక కిటికీ పక్కన గోడకి కన్నం వేసి, పైన ఉన్న నెట్టు పెట్టెని తీగతో సహా కిందకి దింపి, వంటింటి గట్టు మీద మసాలా డబ్బాల పక్కన పెట్టాడు. దాని ముందు చిన్న లైటు ఉంది. తల్లిని పిలిచి చూపించాడు.

"తెల్లగా ఉంటే నెట్టు ఉన్నట్టు. ఎర్రగా అయితే పోయినట్టు. ఎర్రగా ఉంటే నేను మాట్లాడకపోయినా నువ్వు పైకి రావక్కర్లా. తెల్లగా ఉండి నా గొంతు వినపడకపోతే అప్పుడు రా."

మొదట్లో ఆమెకి నమ్మకం కుదరలేదు. ఎర్రబడినప్పుడల్లా మెట్ల దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చేది. కాసేపటికి లైటు తెల్లబడేది, వెంటనే పైన గొంతు లేచేది. లైటూ గొంతూ ఒకదాని వెంట ఒకటి రావడం చూసి చూసి ఆమె నెమ్మదించింది. మోకాళ్ల నొప్పి తగ్గింది. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడం మొదలుపెట్టింది. ఈ మధ్య నీ మొహం తేటగా ఉంది వదినా, ఏం పూస్తున్నావు అని మహాలక్ష్మి అడిగింది కూడా.

ఆ ధైర్యంతోనే ఒక రోజు బాపట్ల వెళ్లింది. అక్క హెప్సిబాకి ఆపరేషనై చాలా రోజులైంది, తను ఇంతవరకు చూడ్డానికి పోలేదు. చెరువుల కాపలా మానుకుని అంద్రెయ ఆ రోజు ఇంట్లో ఉన్నాడు. బస్సు ఆగిన ప్రతిచోటా ఆమె ఫోను చేసింది.

"ఏ రంగు?"

"తెల్లగానే ఉంది."

"గొంతు వినపడతందా?"

"వినపడతంది."

"ఏమంటన్నాడు?"

"ఎముకల డాక్టరు గారు ఊళ్లో లేరంటన్నాడు," అన్నాడు అంద్రెయ. "ఇంక పెట్టు. పప్పు మాడిపోతంది."

అక్క మంచం పక్కన కూర్చుని, చాలా కాలం తర్వాత ఆమె వేరేవాళ్ల రోగం గురించి మాట్లాడింది. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

తర్వాత వాయుగుండం పట్టింది. తీరమంతా మబ్బు కమ్ముకుని, పొద్దున్నుంచి వాన ఒక్క నిమిషం తెరిపివ్వలేదు. చెరువుల గట్లు చూసుకోవడానికి అంద్రెయ చీకటితోనే వెళ్లాడు. ఎబినేజరు ముందు రాత్రి సరిగ్గా పడుకోలేదు. ఇంత వాన పడితే నెట్టు నిలవదని, నిలవకపోతే మేడమ్ ఏమంటుందోనని దొర్లుతూ ఉన్నాడు. పొద్దున కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఈ రోజు సెలవు పెట్టు నాన్నా అని రిబ్కా అంది. ఉన్న సెలవులన్నీ అయిపోయాయని చెప్పి గోనెసంచి నెత్తిన కప్పుకుని మెట్లెక్కాడు.

లైటు ఎర్రబడటం, తెల్లబడటం, మళ్లీ ఎర్రబడటం. మధ్యాహ్నానికి ఎర్రగానే ఉండిపోయింది. పైన గొంతు లేదు. లేకపోవడం సబబే. రిబ్కా గట్టు ముందు నిలబడి ఆ చిన్న ఎర్రటి చుక్కని చూసింది. పాపం, కాసేపు వాడికీ విశ్రాంతే అనుకుంది. చాప వేసుకుని వంటింట్లోనే పడుకుంది. వాన మోతకి కళ్లు మూతలు పడ్డాయి.

కొడుకు మాట్లాడకపోవడానికి ఆ లైటు ఒక కారణం చూపిస్తోంది. కారణం ఒక్కటే ఉండాలని ఎక్కడా లేదు. అన్నిటికీ ముందుగా చెడే తలుచుకునే రిబ్కాకి, ఆ ఒక్క పూట, ఆ ఒక్కటీ తట్టలేదు.

మెలకువ వచ్చి చూస్తే లైటు తెల్లగా ఉంది. వాన కూడా కాస్త సన్నబడింది. ఆమె పడుకునే చెవులు రిక్కించింది. రేకుల మీద చినుకుల మోత తప్ప ఏమీ లేదు. ఆ మోతలో గొంతు కలిసిపోయి ఉంటుందని తనకి తానే చెప్పుకోబోయి, చెప్పుకోలేక లేచింది. కొంగున తాళాలు గోడకి కొట్టుకుంటుంటే తడి మెట్ల మీద చేత్తో పట్టు దొరకబుచ్చుకుంటూ ఎక్కింది.

వాడు నేల మీద ఉన్నాడు. కుర్చీ పక్కకి పడి ఉంది. ఫిట్స్ అప్పటికే ఆగిపోయినట్టుంది, ఒళ్లంతా వదులుగా, నిద్రలాంటి మత్తులో ఉన్నాడు. పెదవి చివర నెత్తురు. రిబ్కా మోకాళ్ల మీద కూలబడి వాడిని ఎడమపక్కకి తిప్పింది, కొంగుతో నోరు తుడిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి వెచ్చగా తగిలింది. మళ్లీ పెట్టింది. అప్పుడు గాని ఆమెకి గదిలో ఇంకో గొంతు ఉందని తెలియలేదు.

నేల మీద పడిన చెవుల ఫోనులోంచి ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది. నెట్టు వచ్చీ రాగానే ఆ కాల్ దానంతట అదే కలిసింది కాబోలు. హలో, ఉన్నారా అండి, వినపడుతుందా అండి అని అంటూనే ఉంది. రిబ్కా దాన్ని తీసుకుని చెవికి ఆనించుకుంది.

"వాడికి బాలేదండి. కాసేపాగి చెయ్యండి."

"మీరెవరండి?"

"వాళ్లమ్మనండి."

"ఏమైంది తల్లీ?"

ఆ మాట ఊళ్లో మహాలక్ష్మికి చెప్పలేదు, గుడిలో పాస్టరు గారికి చెప్పలేదు. ప్రార్థన చేయించుకునేటప్పుడు కూడా తలనొప్పి అనే చెప్పింది. ఇప్పుడు మొహం తెలియని మనిషికి చెప్పింది.

"ఫిట్సండి."

"పక్కకి తిప్పావా?"

"తిప్పానండి."

"అయితే కంగారు పడమాక. మా మరిదికి ఉండేదిలే. లేచేదాకా పేరు పెట్టి పిలుస్తా ఉండు. నా మోకాళ్లకేం తొందర లేదు, రేపు చేస్తాను."

రిబ్కా పిలుస్తూ కూర్చుంది. చాలాసేపటికి వాడు కళ్లు తెరిచి, ఆమెని చూసి, నెట్టు వచ్చిందా అని అడిగాడు.

ఆ కంపెనీలో ప్రతి మాటా రికార్డవుతుందని ఆమెకి తెలియదు. ఎబినేజరుకి తెలుసు. తల్లి చెప్పింది విన్నాక వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తన నోటితో తానే కొడుకు పని పోగొట్టానని రిబ్కా అనుకుంది. ఇక వాడు ఇంకో పని వెతుక్కుంటూ ఏ ఊరో పోతాడు, ఏ ఇరుకు గదిలోనో ఉంటాడు, ఆ గదికి గడియ ఉంటుంది. వాన వెలిసేదాకా ఆమె ఆలోచన ఆ గడియ దగ్గరే తిరిగింది.

కీర్తన మేడమ్ ఫోను చేసినప్పుడు వాడు డాబా మూలన నిలబడి మాట్లాడాడు. రిబ్కా మెట్ల మీద నిలబడి మొహం చూస్తూ ఉంది. మొదట్లోనే చెప్పి ఉండాల్సింది అందట ఆ మేడమ్. చెప్పకుండా ఇంత కాలం ఆవు గంట కథ చెప్పావా అందట. ఫోన్ల పనికి ఇక పెట్టలేమంది. కాని మెసేజీల పని ఒకటి ఉంది. అపాయింట్‌మెంట్లు అడుగుతూ జనం రాసి పంపుతారు, వీడు రాసి జవాబివ్వాలి. నెట్టు మధ్యలో పోయినా కొంప మునగదు, వచ్చాక వెళ్తుంది. ఆఫీసుకి రానక్కర్లేదు, ఇంటి నుంచే ఎప్పటికీ చేసుకోవచ్చు. జీతం అదే.

అంద్రెయ ఆ సాయంత్రం నిజాంపట్నం దాకా పోయి చందువా చేపలు తెచ్చాడు. రిబ్కా పొయ్యి ముందు కూర్చునే ప్రార్థన చేసుకుంది. కొడుకు ఎక్కడికీ పోడు. అడిగింది అడిగినట్టే ఇచ్చావు ప్రభువా అంది.

మర్నాడు వాడు టిఫిన్ చేసి మెట్లెక్కాడు. రిబ్కా బియ్యం చేటలో పోసుకుని కూర్చుంది. పైనుంచి ఏమీ రాలేదు. గట్టు మీద లైటు తెల్లగా ఉంది. గొంతు లేదు. కాసేపటికి లైటు ఎర్రబడింది, మళ్లీ తెల్లబడింది, అయినా గొంతు లేదు. ఇక ఆ లైటు ఏ రంగులో ఉన్నా ఒకటేనని ఆమెకి అప్పుడు తెలిసింది. వాడు ఇంట్లోనే ఉన్నాడు, ఎప్పటికీ ఉంటాడు, పొద్దుగూకేదాకా చడీ చప్పుడూ లేకుండా ఉంటాడు.

చేట పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్లింది. పైమెట్టు మీద కూర్చుంటే రేకుల గది గుమ్మం కనపడుతుంది, వాడి పాదాలు కనపడతాయి. పాదం కదిలితే చాలు. అక్కడే కూర్చుని బియ్యం ఏరింది. అన్నం వండి వచ్చి మళ్లీ కూర్చుంది. తర్వాత రోజూ అంతే. చింతపండు పిక్కలు తియ్యడం, కూరలు తరగడం అన్నీ ఆ మెట్టు మీదికే చేరాయి. అక్కడ నీడ ఉండదు. నెత్తిన తడిగుడ్డ వేసుకునేది. నీకు ఇంట్లో చోటు చాలట్లేదా వదినా అని గోడ అవతలనుంచి మహాలక్ష్మి అడిగింది. ఉక్కగా ఉంది లోపల అంది రిబ్కా, మండుటెండలో కూర్చుని.

కొన్నాళ్లు ఎబినేజరు చూసి ఊరుకున్నాడు. లోపలికి పొమ్మని చెప్తే పోతుంది, చేట పెట్టేసి మళ్లీ వస్తుంది. ఒక రోజు ఆమె పైకొచ్చేసరికి గది తలుపు బార్లా తీసి ఉంది. లోపలినుంచి సన్నగా మాట వినపడింది. వాడు ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకుని ఆమె నిలబడి విన్నది. రాసేదల్లా పైకి చదువుకుంటున్నాడు. నమస్కారమండి. ఏ డాక్టరు గారికి కావాలండి. సోమవారం కుదరదండి. వినేవాళ్లెవరూ లేరు, అయినా గొంతు కాస్త పెంచి, కిందదాకా పోయేలా చదువుతున్నాడు.

రిబ్కా చేట తీసుకుని దిగి వంటింట్లోకి వెళ్లింది.

రోజంతా చదవడం ఎవరివల్లా కాదు. మధ్యాహ్నమయ్యేసరికి వాడి గొంతు అలిసిపోతుంది, మాటలు తగ్గుతాయి, ఆగిపోతాయి. ఆమె పిండి చేతులు అలాగే పెట్టుకుని వింటుంది. కొంతసేపు ఆగుదామనుకుంటుంది. ఆగలేక లేస్తుంది. కొంగున తాళాలు గలగలమంటాయి.

"ఉన్నానమ్మా," అంటాడు పైనుంచి.

ఆమె మళ్లీ కూర్చుంటుంది.